ఆవకాయ జాడీ, అయిదో చక్రం

విల్లివాక్కం, చెన్నై
మే 27

చిరంజీవి రఘుకు అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

ఇక్కడ మేం క్షేమం. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోన్‌లో అయితే "మీటింగ్ ఉందమ్మా" అంటావు. ఉత్తరానికి మీటింగ్ అడ్డం రాదు కదా.

కత్తిరి ఎండలు రేపటితో సరి అని క్యాలెండర్ అంటోంది. మేడ మీద ట్యాంకు నీళ్లు మాత్రం మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. మీ నాన్నగారికి డాక్టరు బీపీ మాత్ర మార్చాడు. ఉప్పు తగ్గించమన్నాడు, ఈయన ఊరగాయ తగ్గించడం లేదు. ఊరగాయ అంటే గుర్తొచ్చింది. మొన్న మాధవి ఫోన్‌లో "అత్తయ్యా, పెద్ద జాడీ రోడ్డు మీద పగిలిపోయింది, ఏమీ అనుకోకండి" అంది. అని, వెంటనే చిట్టి స్కూలు ఫీజు సంగతి ఎత్తుకుంది. జాడీ పోతే పోయింది. కాయలు ఇంకా దొరుకుతున్నాయి, మళ్లీ పెడతాను. కానీ డిక్కీలో అడుగున పాత దుప్పటి చుట్టి నా చేత్తో సర్దిన జాడీ రోడ్డు మీదికి ఎందుకు వచ్చిందా అని.

ఇరవై ఆరేళ్లు జనరల్ ప్యాటర్స్ రోడ్డు టైర్ల షాపులో లెక్కలు రాసినదాన్ని. కూడిక సరిపోకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ ఆదివారం సాయంత్రం అయిదింటికి బయల్దేరారు. ఆంబూరులో ఆగి తిన్నా, చిట్టి కోసం రెండుసార్లు ఆపినా, పన్నెండుకల్లా ఇంట్లో ఉండాలి. నీ "చేరాం" మూడూ పదికి వచ్చింది. హోసూరు దగ్గర ట్రాఫిక్ అన్నావు. అప్పటినుంచి మూడు వారాలుగా బొటనవేలి బొమ్మ తప్ప నీ దగ్గర్నుంచి మాట లేదు. సుబ్బులత్తయ్య మనవడు ఆ రాత్రి బస్సులో వెళ్తూ వాణియంబాడి దాటాక మన కారులాంటి కారు జాకీ మీద ఉండటం చూశాడట. ఒకావిడ ఫోన్ లైటు పట్టుకుని పక్కనే నిలబడిందట. వాడి కళ్లద్దాల మందం నాకు తెలుసు కాబట్టి నేను పట్టించుకోలేదు.

అదలా ఉంచు. మన వీధి చివర డ్రైనేజీకని మళ్లీ తవ్వారు. పూడ్చిన చోట అంచు కత్తిలా లేచి ఉంది. కింది వాటా వాళ్ల కారు అందులో దిగితే మర్నాటికి టైరు పక్క గోడ మీద నిమ్మకాయంత బుడిపె తేలింది. ఆయన గాలి కాస్త తగ్గించి నడుపుతానన్నాడు. "లోపల దారాలు తెగాయండీ, ఇది అతుక్కునేది కాదు, మార్చాల్సిందే" అన్నాను. కూరగాయల సంచీతో నిలబడ్డ ముసలావిడ మాట ఎవరు వింటారు? రెండు రోజులకి మెకానిక్ వచ్చి అదే మాట అన్నాడు. అప్పుడు విన్నాడు.

నీకు ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. ఒక్కటి మాత్రం చెప్పి ఆపేస్తాను. నీ కారు 2018ది, నువ్వు కొన్నది సెకండ్ హ్యాండ్. టైర్లు ఎప్పటివో చూశావా? టైరు పక్కన డి-ఓ-టి (డాట్) అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. వరుస కనిపించినా ఆ నాలుగూ లేకపోతే అవి లోపలివైపు ఉన్నట్టు, వంగి చూడాలి. గాట్లు లోతుగా ఉన్నాయి కదా, బాగానే ఉందనుకుంటారు. రబ్బరు వాడకపోయినా ముదురుతుంది. అయిదేళ్లు దాటితే ఏటా ఎవరికైనా చూపించాలి, పదేళ్లు దాటితే ఎంత మెరుస్తున్నా తీసెయ్యాలి. పుదుపేటలో పాత టైర్లకి నల్ల పాలిష్ కొట్టి ఎండలో వరసగా పెడతారు, పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు. బెంగళూరులో జేసీ రోడ్డు వైపు వెళ్లినా సరే, ఆ మెరుపు చూసి మోసపోకు.

స్టెప్నీ సంగతి మరీ ఘోరం. దానికీ వయసు ఉంటుందని ఎవరికీ తోచదు. మీ కామాక్షత్త పెళ్లి కథ నీకు ఎప్పుడైనా చెప్పానా? అత్త వెర్షన్ వినే ఉంటావు, అది అబద్ధం.

1991. నీకు రెండేళ్లు. ముహూర్తం నెల్లూరులో, తెల్లవారుజామున నాలుగు దాటాక. మంగళసూత్రాలు ఇక్కడ సౌకార్‌పేటలో చేయించాం. అవి నా దగ్గర, పసుపు గుడ్డలో, నడుముకి కట్టుకుని ఉన్నాను. పాత ఫియట్‌లో ముందు మీ నాన్నగారు, నేను, నా ఒళ్లో నువ్వు. వెనక నాయనమ్మ, రెండు బుట్టల అరిసెలు. రాత్రి తొమ్మిదికి బయల్దేరాం. స్టెప్నీలో గాలి ఉందా అని ఇల్లు కదిలే ముందు అడిగాను, ఒకసారి కాదు. "మొన్ననే చూశాను" అన్నారు. గుమ్మిడిపూండి దాటాం, ఆరంబాకం దాటాం, తడ దాటి కాస్త దూరం వెళ్లేసరికి వెనక చక్రం కూర్చుండిపోయింది. ఈయన దర్జాగా డిక్కీ తెరిచి స్టెప్నీ కింద పడేశారు. అది మెత్తగా, ఉడికిన వంకాయలా చతికిలబడింది. మొన్న అంటే దీపావళికి ముందు మొన్న అని అప్పుడు తేలింది.

చీకటి. ఎక్కడో కప్పల అరుపులు. నాయనమ్మ విష్ణుసహస్రనామం మొదలుపెట్టి, మధ్య మధ్య ఆపి కొడుకుని తిట్టి, మళ్లీ ఆపిన చోటే అందుకుంటోంది. ఉల్లిపాయల లారీ ఒకటి ఆగింది. డ్రైవరు గూడూరు వైపు వాడు. మీ నాన్నగారిని, ఆ రెండు చక్రాలని ఎక్కించుకుని సూళ్లూరుపేట తీసుకెళ్లాడు. నేను, ఆవిడ, నువ్వు, తాళిబొట్లు రోడ్డు పక్కన. నువ్వు పాల కోసం ఏడ్చావు. పెళ్లివారి బుట్ట విప్పి అరిసె తినిపించాను, దోమలకి కొంగు విసురుతూ కూర్చున్నాను. వెళ్లే ప్రతి లారీ గాలికీ కారు ఊగేది. ఒంటిగంటన్నర అయింది, ఈయన పాల వ్యానులో తిరిగొచ్చారు. పంక్చరు కొట్టు వాడిని నిద్ర లేపి ట్యూబుకి అతుకు వేయించారట. అక్కడ పురోహితుడు మంత్రాలు సాగదీస్తున్నాడు, పెళ్లికొడుకు మేనమామ లేచి వెళ్లిపోతానంటున్నాడు. ముహూర్తానికి పావుగంట ముందు దిగాం. అందరూ మూగి ఎందుకు ఆలస్యమని అడిగితే, మీ నాన్నగారు ఏమన్నారో తెలుసా? "మీ వదిన తెమలలేదు."

ముప్పై ఏళ్లు దాటినా కామాక్షి నన్ను అలంకారం వదిన అనే పిలుస్తుంది. స్టెప్నీ విషయంలో నిజం చెప్పకపోవడం మీ వంశంలో ఉన్నదే. అందుకే నీ "హోసూరు ట్రాఫిక్" నాకు కొత్తగా అనిపించలేదు.

ఆ మరుసటి ఏడాది షాపులో చేరాక మేస్త్రీని అడగని ప్రశ్న లేదు. స్టెప్నీ అనేది ఒక వీధి పేరని మా ఓనరు చెబితే నమ్మలేదు. వేల్స్ దేశంలో లనెల్లీ అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉందట. 1904లో డేవిస్ అన్నదమ్ములు అక్కడే అదనపు చక్రం చేసి అమ్మారట. అక్కడివాళ్లు ఆ పేరు ఏనాడో మర్చిపోయారు, మనం పట్టుకు వేలాడుతున్నాం. ఇప్పుడు ఆ చక్రమే లేకుండా చేస్తున్నారు. 2020 జూలైలో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే పరికరం, పంక్చరు కిట్ ఉంటే కారుకి స్టెప్నీ అక్కర్లేదట. మాధవి తమ్ముడి కొత్త కారు అలాంటిదే. మేకు దిగితే కిట్ పనికొస్తుంది. పక్క గోడ చీలితే ఆ కిట్‌తో ఏం చేస్తాడు, దండం పెట్టుకుంటాడా?

నీ కారుకి స్టెప్నీ ఉంది, కానీ మిగతా నాలుగింటికన్నా చిన్నది. దాని మీద 80 అని స్టిక్కరు ఉంటుంది, గంటకి 80 దాటొద్దని. ఆ రాత్రి కృష్ణగిరి నుంచి ఇంటిదాకా నువ్వు ఎంతలో వెళ్లావో నేను అడగను. ఇంకా దాని మీదే ఆఫీసుకి తిరుగుతున్నావా అన్నది మాత్రం అడుగుతున్నాను.

మార్చేటప్పుడు రెండు ఒకేసారి మార్చు. కొత్తవి వెనక వెయ్యమను. ముందు చక్రాలే కారుని లాగుతాయి కదా అని షాపులో అందరూ వాదించేవాళ్లు. వానలో ముందు జారితే స్టీరింగ్‌కి కొంత చిక్కుతుంది, వెనక జారితే బొంగరమే అనేవాడు మేస్త్రీ. నీ డోరు పక్క స్టిక్కరులో 185/65 ఆర్15, 88హెచ్ అని ఉంటే అదే అడుగు. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. స్టాకు లేదని 82 అంటగడితే అది 475 మోసేది. మీ ముగ్గురు, మీ అత్తగారు, నా జాడీలు... నువ్వే కూడుకో. గాట్లు 1.6 మిల్లీమీటర్ల దాకా అరగనివ్వొచ్చని చట్టం. బెంగళూరు వానలకి 3 దగ్గరే మార్చమంటాను నేను. గాలి పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించు. హైవే మీద వేడెక్కాక అంకె పెరిగిందని తీయించకు. తక్కువ గాలితోనే పక్క గోడలు నలిగి, కాగి, పేలేది. నైట్రోజన్ అని డబ్బులు అడిగితే, మామూలు గాలిలో అది 78 శాతం ఎటూ ఉందని చెప్పు. కొత్త చక్రం బిగించాక ఓ యాభై, వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మళ్లీ బిగించాలి. ఇది ఎవరూ చెయ్యరు. నువ్వు చెయ్యి.

ఇంకోసారి ఎప్పుడైనా (రాకూడదు) అలా జరిగితే, బ్రేకు గట్టిగా తొక్కకు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, వేగం తగ్గాక ఎడమకి చేర్చు. మాధవిని, చిట్టిని కారులోంచి దించి రెయిలింగ్ అవతల నిలబెట్టు. కారు వెనక నిలబడి లైటు పట్టనివ్వకు. 1033కి ఫోన్ చెయ్యి, అది హైవే వాళ్లదే.

చిట్టి పుట్టినరోజుకి బుడగలు కొంటావు కదా, దానికి చెప్పు. 1946లో మన తిరువొత్తియూరులో ఓ చిన్న షెడ్డులో ఇలాంటి ఆటబుడగలు చేసిన వాళ్లే తర్వాత ఎమ్మారెఫ్ టైర్లు చేశారని. నవ్వుతుంది.

రఘూ, ఇంతసేపూ రాయకుండా తప్పించుకున్నది ఒకటుంది. మీరు బయల్దేరే రోజు పొద్దున గేటు ముందు ముగ్గు వేస్తుంటే, నీ కారు ఎడమ ముందు టైరు పక్కన చిన్న ఎత్తు కనిపించింది. చెయ్యి పెట్టి చూశాను కూడా. లేచి వచ్చి నీకు చెబుదామనుకునేలోపు చిట్టి పాలు ఒలకబోసింది. గుడ్డ తెచ్చాను, తుడిచాను, ఇడ్లీలు పెట్టాను, జాడీలు కట్టాను. మర్చిపోయాను. అన్నేళ్లు ఆ షాపులో కూర్చున్నదాన్ని. పేలింది ఆ టైరేనా? అది ఒక్కటి చెప్పు. మీ నాన్నగారికి నేనేమీ చెప్పలేదు.

ఈ ఆదివారం టైర్లకి పోతావు కదూ. డబ్బుకి ఇబ్బందయితే నా రికరింగ్ డిపాజిట్ వచ్చే నెల చేతికొస్తుంది, మొహమాటపడకు. బిల్లు తీసుకో. అయిదు టైర్ల నాలుగంకెలూ ఫోటో తీసి పంపు. నాలుగు కాదు, అయిదు.

కొత్త జాడీ కామాక్షి కొడుకు చేత పంపిస్తున్నాను, వాడు రైల్లో వస్తున్నాడు. మూడో రోజు తిరగకలుపు. డిక్కీలో మాత్రం పెట్టకు.

అమ్మ