మేం నోరు విప్పేది దారి ఖర్చుల కోసం కాదు

సంపాదకుల వారికి,

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం గురించి రాస్తున్నాను. అప్పుడే రాయాల్సింది. వారానికి మూడు రోజులు డయాలసిస్, ఆ మర్నాడు నీరసం, అందుకే ఇన్నాళ్లు పట్టింది. ఆలస్యమైనంత మాత్రాన కోపం చల్లారలేదు.

పరిశోధన కోసం ఎవరో వచ్చి అడిగితే రోగులు ఎందుకు కూర్చుని మాట్లాడతారు? మీ రచయిత మూడు ముక్కల్లో తేల్చేశారు. పనీపాటా ఉండదట, దారి ఖర్చులు ఇస్తారట, డాక్టరు దగ్గర మంచి పేరు వస్తుందట. పక్కన పెద్ద సిరంజి బొమ్మ. మాటలు రికార్డు చేసుకునే పనికి సిరంజి ఎందుకండీ? కింద 'సమ్మతి పత్రం' కాస్తా 'సన్మతి పత్రం' అయి కూర్చుంది. ఒకప్పుడు మీ పేపర్లో అచ్చుతప్పు పట్టుకోమని మా పిల్లలకి పందెం కట్టేవాణ్ణి. ఇప్పుడు తప్పులేని పేరా పట్టుకోమనాలి.

అలాంటి ఇంటర్వ్యూ నేనూ ఇచ్చాను కాబట్టి చెబుతున్నాను. నాలుగు గంటలు మిషన్ మీద ఉండేవాడికి పనీపాటా లేదన్నది నిజమే, ఒప్పుకుంటాను. ఒక చెయ్యి కదపకూడదు, రెండో చేతికి బీపీ పట్టీ. కానీ ఆ వచ్చిన అమ్మాయి మొదట చెప్పిన మాటే ఇది: "మీకు ఇష్టం లేకపోతే వద్దనొచ్చు సార్, మధ్యలో ఆపేయమన్నా ఆపేస్తాను, మీ వైద్యానికి దీనికి సంబంధం లేదు." ఆరు పేజీల కాగితం చదివి వినిపించింది. రికార్డర్ దిండు పక్కన పెట్టింది. మిషన్ కూత పెట్టినప్పుడల్లా ఆగి, మళ్లీ మొదలుపెట్టింది.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లం నీళ్లు కొలిచి తాగాలి. అందుకే డాక్టరు ప్రతిసారీ అడిగేది ఒక్కటే, "నీళ్లు ఎన్ని తాగుతున్నారు?" ఆ అమ్మాయి, "దాహం వేస్తే ఏం చేస్తారు?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ మాట నన్నెవరూ అడగలేదు. ఐసు ముక్క బుగ్గన పెట్టుకుంటానని, నోరు పుక్కిలించి ఉమ్మేస్తానని, ఇంట్లో ఎవరైనా గ్లాసు ఎత్తితే లేచి పక్క గదిలోకి వెళ్లిపోతానని చెప్పాను. ఆ చివరిది మా ఆవిడకి కూడా తెలియదు. ఆ పూట యాభై నిమిషాలు మాట్లాడాను. ఓపీలో నాకు దక్కేది మూడు నిమిషాలు, అందులో ఒకటి ఫైలు వెతకడానికే పోతుంది.

ఎందుకు ఒప్పుకున్నానంటే, మొదటిసారి మిషన్ ఎక్కిన రోజు ఇవన్నీ నాకు చెప్పే మనిషి లేడు. నా తర్వాత వచ్చేవాడికైనా ఉండాలనుకున్నాను. నా పక్క మంచం ఆయన మాత్రం నర్సులు తనని బాగా చూసుకుంటున్నారని, వాళ్ల రుణం ఇలాగైనా కొంత తీరుతుందని ఒప్పుకున్నాడు. ఇంకొకావిడ చెప్పుకుని ఏడవడానికే ఒప్పుకుంది. ఏడ్చింది కూడా. తప్పేముంది?

ఈ కోరిక మాలాంటి వాళ్లకే కాదు, డాక్టర్లకీ ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆన్ మెక్‌ఫెర్సన్ అనే డాక్టరుకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, మందుల నిపుణుడు ఆండ్రూ హెర్క్స్‌హైమర్‌కి మోకాలి మార్పిడి జరిగింది. వైద్యం అంతా తెలిసినవాళ్లే, అయినా ఆ బాధ పడ్డ మరో మనిషి ఏం చెబుతాడో వినాలనిపించింది. అలా రోగుల ఇంటర్వ్యూలతో 2001లో ఒక వెబ్‌సైటు మొదలైంది. హెల్త్‌టాక్ అన్న పేరుతో నడుస్తున్నది అదే. మీ రచయిత ఒక పూట కూర్చుని చూస్తే బాగుండేది.

డాక్టరు మొహమాటం అసలు లేదనను. తెల్లకోటు మంచం పక్కన నిలబడి "మాట్లాడండి, ఏం కాదు" అంటే కాదనే ధైర్యం ఎందరికుంటుంది? అలా అడిగించడం తప్పే. పరిశోధనలో చేరితే తనకి ఇంకా మంచి వైద్యం అందుతుందని రోగి భ్రమపడటమూ ఉంది. దానికి 1982లోనే నిపుణులు ఒక పేరు కూడా పెట్టారు. వీటి మీద రాయండి, మొదట చదివేది నేనే. అంతేగాని అందరినీ దారి ఖర్చుల లెక్కలో వేయకండి.

నా అసలు గొడవ వేరే ఉంది. ఇంటర్వ్యూ ఇచ్చి ఏడాది దాటింది. చివర్లో "ఫలితాలు తెలియజేయమంటారా?" అని అడిగితే తప్పకుండా అన్నాను, కాగితంలో టిక్కు కూడా పెట్టించాను. ఇప్పటిదాకా ఫోను లేదు, ఉత్తరం లేదు. ఆ అమ్మాయిని అనడం లేదు, చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటుంది. పైన పెద్దలుంటారుగా! ప్రపంచ డాక్టర్ల సంఘం 1964లో హెల్సింకిలో, మనుషుల మీద చేసే పరిశోధనలకి నియమాలు పెడుతూ ఒక ప్రకటన చేసింది. పాల్గొన్నవాళ్లకి ఫలితాలు తెలుసుకునే అవకాశం ఇవ్వాలని తర్వాతి సవరణల్లో అందులో స్పష్టంగా చేర్చారు. 2024లో దాన్ని మళ్లీ సవరించి, మమ్మల్ని పరిశోధనకి గురయ్యేవాళ్లు అనకుండా పాల్గొనేవాళ్లు అనాలన్నారు. సంతోషం. పిలుపు మారింది. ఫోనే రాలేదు.

అన్నిచోట్లా ఇదే వరస. ఆస్పత్రి గోడకి సలహాల పెట్టె ఉంటుంది, తాళం తుప్పు పట్టి ఉంటుంది. ఇంటికి రాగానే సేవ ఎలా ఉందో ఒకటి నుంచి అయిదు దాకా నొక్కమని మిషన్ గొంతు. ఒకటి నొక్కితే "ధన్యవాదాలు", అయిదు నొక్కినా "ధన్యవాదాలు". అడగడం అందరికీ వచ్చు.

ఈ ఉత్తరం వేస్తే ఆ పరిశోధకుల పెద్దలు ఎవరైనా చూస్తారేమోనని ఆశ. దాహం గురించి నేను చెప్పింది ఎవరికైనా పనికొచ్చిందో లేదో, అంత చెబితే చాలు. నా నంబరు వాళ్ల ఫారం నాలుగో పేజీలో ఉంది. మార్చలేదు.

– ఒక డయాలసిస్ రోగి