కరపత్రానికి ఉన్న రూలు ఫోన్లో వీడియోకి ఎందుకు లేదు?

సంపాదకులు గారికి నమస్కారం,

ఎన్నికలప్పుడు పంచే కరపత్రాల కింద, గోడల మీద పోస్టర్ల కింద చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరు, వేయించినవాళ్ళ పేరు, అడ్రసు ఉంటాయి చూసే ఉంటారు. అవి లేకుండా అచ్చేస్తే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదంటే 2 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజుల్లో 2 వేలంటే నవ్వొస్తుంది గానీ రూలు మాత్రం మంచిదే, ఎవరన్నారో తెలిస్తేనే కదా వెళ్ళి అడిగేది. మరి వాట్సాప్‌లో వచ్చే వీడియో కింద ఎవరి పేరుందండీ?

2024లో ఆంధ్రలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం, అంటే ఏ భూమి ఎవరిదో ప్రభుత్వం రికార్డు చేసే చట్టం, దాని గొడవ గుర్తుందా. ఆ చట్టం మంచిదా చెడ్డదా అనేది నేనిక్కడ తేల్చను, కొత్త ప్రభుత్వం వచ్చాక రద్దు కూడా చేసేశారు. అది మా దాకా వచ్చిన తీరు చెప్తా వినండి. ట్యాంకర్ ఎప్పుడొస్తుందో చెప్పుకోడానికి మా వీధివాళ్ళం పెట్టుకున్న గ్రూపులో ఒకాయన "మీ పొలం ఇక మీది కాదు" అని ఏడుపు మ్యూజిక్‌తో వీడియో పడేశాడు, కాసేపటికి ఇంకొకాయన "అంతా అబద్ధం, మీ భూమికి ప్రభుత్వమే గ్యారంటీ" అని ఇంకోటి. రెండూ నిమిషం లోపే. పైన ఫలానావారి అభిమానులు అని ఉంటుంది, అంతే. ఎవరు పంపారయ్యా అంటే మా బావమరిది గ్రూపులో వచ్చిందంటాడు. చట్టంలో ఏముందో ఇద్దరికీ తెలీదు, మిగతావాళ్ళం కూడా చదివింది లేదు. రెండెకరాలున్న పక్కింటి పెద్దాయన మాత్రం బీరువాలో పాస్‌బుక్ తీసి దిండు కింద పెట్టుకున్నాడు.

ఎన్టీఆర్ చైతన్యరథం మీద తిరిగినప్పుడు, వైఎస్ 2003లో చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు గొప్పలు చెప్పుకోలేదని కాదు. కానీ చెప్పింది మైకులో అందరూ ఒకేసారి విన్నారు, అవతలి పార్టీవాడూ విన్నాడు, తెల్లారి టీకొట్టు దగ్గర దాన్ని చీల్చి చెండాడేవాళ్ళు. ఇప్పుడు పెన్షన్ వచ్చేవాళ్ళకి ఒక కాల్, కాలేజీ పిల్లలకి ఒక రీల్, మా కులపోళ్ళ గ్రూపులో ఇంకేదో. నాకేం చెప్పారో మీకు తెలీదు, మీకేం చెప్పారో నాకు తెలీదు, ఇక గెలిచాక ఏ మాట పట్టుకుని నిలదీస్తాం?

రూల్స్ అస్సలు లేవనను. అభ్యర్థి తన సోషల్ మీడియా అకౌంట్లు అఫిడవిట్‌లో రాయాలని, కంటెంట్ చేసేవాళ్ళ జీతాలతో సహా ఖర్చు లెక్కలో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది. అసెంబ్లీకి లిమిట్ 40 లక్షలు. అకౌంట్ అభ్యర్థి పేరు మీద ఉంటే లెక్క, అభిమానుల పేజీ అయితే లెక్కడిగేవాడే లేడు, అందుకే ఊరికో అభిమానుల పేజీ పుడుతోంది. 2024 మే 11 సాయంత్రం ప్రచారం టైమ్ అయిపోయి మైకులు ఆగాయి గానీ మా గ్రూపులో ఆ రాత్రే ఎక్కువ వచ్చాయి. డీప్‌ఫేక్ వీడియోలు (కంప్యూటర్‌తో మనిషి ముఖం, గొంతు మార్చి చేసే నకిలీవి) తమ దృష్టికొచ్చిన 3 గంటల్లో తీసెయ్యాలని అదే నెలలో ఎన్నికల సంఘం పార్టీలకి చెప్పింది, మంచిదే, పార్టీ హ్యాండిల్‌లోంచి తీస్తారు, బావమరిది గ్రూపులోంచి ఎవరు తీస్తారు?

మిమ్మల్ని కూడా ఒక మాటంటాను ఏమనుకోకండి. ఏ పేపర్ ఏ పార్టీ వైపో మొదటి పేజీ చూస్తేనే తెలిసిపోతోంది. అయినా పోలింగ్ రోజూ ముందు రోజూ మీరు రాజకీయ ప్రకటన వెయ్యాలంటే మీడియా సర్టిఫికేషన్ కమిటీ అనుమతి ఉండాలి, తప్పు రాస్తే మీ ఆఫీసు ఎక్కడో మాకు తెలుసు.

ఫార్వార్డ్ చేసిన ప్రతివాడి మీద కేసు పెట్టమని నేననట్లేదు, అది మొదలైతే అధికారంలో ఉన్నవాళ్ళు వాళ్ళకి గిట్టనివాళ్ళనే పట్టుకుంటారు. డబ్బులిచ్చి చేయించిన వీడియో మీద, రికార్డు చేసిన గొంతుతో వచ్చే ఐవీఆర్ కాల్ మొదట్లో, చేయించినవాడి పేరుండాలి, కరపత్రానికి ఉన్నట్టే. అది చట్టం పని. మీరు చెయ్యగలిగింది ఇంకోటుంది, స్థానిక ఎన్నికలప్పుడు జిల్లా పేజీలో మా గ్రూపుల్లో తిరిగే వాటిలో రోజుకి రెండు మూడు తీసుకుని ఎవరు చేయించారో, ఎంత నిజమో వెయ్యండి. ఒక నంబర్ ఇస్తే మేమే పంపిస్తాం. అన్ని పార్టీలవీ వెయ్యాలి, ఒక పార్టీవే ఏరి వేస్తే మాత్రం పంపడం మానేస్తాం.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా