మొలలే అనుకుని ఊరుకోకండి

అందరికీ ఫోన్ చేయలేక ఇక్కడే రాస్తున్నా. విజయవాడలో బాబాయికి సోమవారం ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నాడు, నిన్న రాత్రి పల్చటి మజ్జిగ తాగాడు.

ఆయనది పెద్దపేగు క్యాన్సర్. ఎనిమిది నెలలుగా విరేచనంలో రక్తం పడుతుంటే మొలలే అనుకుని, గుంటూరులో ఎక్కడో బోర్డు చూసి పొట్లాలు తెచ్చుకుని మింగాడు, పిన్నికి కూడా చెప్పలేదు. హిమోగ్లోబిన్ 7కి పడిపోయి మెట్ల మీదే ఆయాసంతో కూర్చుండిపోయాకే కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించాం. లింఫ్ గ్రంథులకు పాకింది కాబట్టి ఇక కీమో కూడా ఉంటుంది.

నాకు బాధగా ఉన్నది ఇదే: పేగులో పులిపిరిలాంటి పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 10 ఏళ్ల దాకా పడుతుంది, ఈలోపు కనిపిస్తే కొలనోస్కోపీలోనే తీసేస్తారు. పేగు దాటకముందే పట్టుకుంటే 100లో 90 మంది దాకా 5 ఏళ్లు దాటి బతుకుతున్నారని అమెరికా లెక్కలు, కాలేయం లాంటి దూరపు అవయవాలకు పాకితే అది 15 దగ్గరకు పడిపోతుంది.

సిగరెట్, మందు, ఊబకాయం, మేక మాంసం ఎక్కువ తినడం, అన్నీ రిస్కే. ఇంట్లో ఒకరికి వస్తే తోబుట్టువులకూ పిల్లలకూ రిస్క్ ఎక్కువ. బాబాయికి 47 ఏళ్లకే వచ్చింది కాబట్టి ఆయన పిల్లలు, తమ్ముడూ చెల్లీ, అంతకు పదేళ్ల ముందే, అంటే 37 కల్లా పరీక్ష మొదలుపెట్టాలి. నాన్నా, అత్తా, మీరిద్దరూ మాత్రం ఈ నెలలోనే చేయించుకోండి, ప్లీజ్, అపాయింట్‌మెంట్ నేనే తీసుకుంటా. చూడ్డానికి ఆదివారం దాకా ఎవరూ రావద్దు.