కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ: కౌంటర్ వెనక స్టూలు వేయించండి

అయ్యా,

హైదరాబాద్‌లో ఒక చీరల షాపులో సేల్స్ పని చేస్తున్నాను. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా నిలబడే ఉంటాం. బేరం లేకపోయినా కూర్చోకూడదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీ చర్మంలోకి దిగబడుతుంది. నా పక్క కౌంటర్ ఆమెకు పిక్కల మీద నరాలు నీలంగా తేలి మెలికలు తిరిగాయి. గంటల తరబడి కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోనే ఆగి సిరలు ఉబ్బుతాయి. మధ్యమధ్య కాసేపు కూర్చున్నా, నాలుగడుగులు వేసినా ఆ ఒత్తిడి తగ్గుతుంది.

కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల చట్టాలను సవరించి సిబ్బందికి కూర్చునే ఏర్పాటు తప్పనిసరి చేశాయి. తెలంగాణలోనూ ప్రతి షాపులో ఆ ఏర్పాటు ఉండేలా చూడండి. తనిఖీకి వచ్చే ఇన్‌స్పెక్టర్లను రిజిస్టర్లతో పాటు కౌంటర్ వెనక కూడా చూడమనండి. కస్టమర్ రాగానే లేచి నిలబడతాం, ఆ మర్యాద మాకు తెలుసు.

ఇట్లు,
ఒక సేల్స్ ఉద్యోగిని