60 రోజుల గడువు సంగతి మొదటి రోజే చెప్పండి: కాలిఫోర్నియా అటార్నీ జనరల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటార్నీ జనరల్ గారికి,

నమస్కారం. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పోస్టు చేశాను. వేరే రాష్ట్రం నుంచి తుపాకీతో కాలిఫోర్నియాకు మారినవాళ్లు 60 రోజుల్లోపు ఆ సంగతి మీ న్యాయశాఖకు రిపోర్ట్ చేయాలి. అలాంటి గడువు ఒకటుందనే చాలామందికి తెలియదు. తెలుగులో అందరి ముందూ పెట్టడానికి కారణం, ఈ ఇబ్బంది నా ఒక్కడిదే కాకపోవడం. ఉద్యోగం కోసమో, పిల్లల దగ్గర ఉండాలనో ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి సామాను సర్దుకునే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లూ చదవాలి.

నేను టెక్సాస్ రాష్ట్రంలో హ్యూస్టన్ దగ్గర 14 ఏళ్లు ఒక చిన్న కన్వీనియన్స్ స్టోర్ నడిపాను. అర్ధరాత్రి షాపు మూసి, ఆ రోజు కలెక్షన్ పట్టుకుని ఒంటరిగా కారు దాకా నడవడం ఎలా ఉంటుందో ఆ పని చేసినవాళ్లకే తెలుసు. ఒకసారి షాపులో దోపిడీ జరిగింది. ఆ తర్వాత ఇంట్లోవాళ్ల భయం చూడలేక ఐదు తూటాలు పట్టే చిన్న రివాల్వర్ కొన్నాను. అప్పటికే నేను అమెరికా పౌరుడిని. తుపాకుల దుకాణంలో ఫెడరల్ ఫారం నింపాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది, డబ్బు కట్టి తెచ్చుకున్నాను. దాన్ని ఏ మనిషి మీదికీ ఎత్తాల్సిన అవసరం రాలేదు. అందుకు దేవుడికి దండం.

కిందటేడు షాపు అమ్మేసి, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశాం. న్యూమెక్సికో, అరిజోనాల మీదుగా కారులోనే వచ్చాం. దారిలో తుపాకీని ఎలా పెట్టుకోవాలో బయల్దేరకముందే తెలుసుకున్నాను. తూటాలు తీసేసి, తాళం వేసిన పెట్టెలో, చేతికి అందకుండా ట్రంక్‌లో పెట్టుకుంటే, బయల్దేరిన చోటా చేరే చోటా అది చట్టబద్ధమైతే, మధ్యలోని రాష్ట్రాల్లో ఇబ్బంది లేకుండా 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. అలాగే చేశాను. దాంతో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

తీరలేదని 41వ రోజున తెలిసింది. తెలిసినవాళ్ల ఇంట్లో పుట్టినరోజు భోజనాల దగ్గర ఒక తమ్ముడు మాటల మధ్యలో, "తుపాకీ సంగతి రిపోర్ట్ చేశారా అన్నయ్యా? 60 రోజులే టైమ్" అన్నాడు. అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అరవై ఏళ్ల వయసుకు దగ్గరపడ్డాను. ఒక్క కేసు లేదు, పన్ను ఎగ్గొట్టింది లేదు. మనవరాలు పక్కగదిలో నిద్రపోతుంటే, తెలియకుండానే నేరం అంచు దాకా వచ్చేశానే అని టెన్షన్.

నా పొరపాటు ఎక్కడుందో చెబుతాను, ఎందుకంటే చాలామంది పొరపాటు అక్కడే ఉంది. మేం పుట్టి పెరిగిన దేశంలో తుపాకీ అంటే జిల్లా కలెక్టరో పోలీస్ కమిషనరో ఇచ్చే లైసెన్స్. ఎన్నికలొస్తే తీసుకెళ్లి స్టేషన్‌లో డిపాజిట్ చేసి రావాలి. దేశమంతటికీ ఒకటే ఆయుధాల చట్టం. ఆ అలవాటుతో, షాపులో ఫారం నింపగానే ఇక్కడా తుపాకీ నా పేరు మీద ఎక్కడో రిజిస్టర్ అయిపోయిందని నమ్మాను. అది రిజిస్ట్రేషన్ కాదు. ఆ ఫారం దుకాణదారు దగ్గరే ఉంటుంది. దేశం మొత్తానికి తుపాకుల రిజిస్ట్రీ పెట్టకూడదని 1986 చట్టమే చెప్పింది. టెక్సాస్‌లో రాష్ట్ర స్థాయి రిజిస్ట్రేషన్ కూడా లేదు. అంటే ఇన్నేళ్లూ నేను 'రిజిస్టర్ అయింది' అనుకున్న తుపాకీ ఎక్కడా రిజిస్టర్ కాలేదు. కారుకి నంబర్ ప్లేటు మారాలని ఎవరికైనా తెలుసు. తుపాకీ విషయంలో ఆ ఆలోచనే రాదు.

పైగా ఒక రాష్ట్రానికీ ఇంకో రాష్ట్రానికీ పొంతన ఉండదు. మీ రాష్ట్రం 60 రోజులు ఇస్తుంది. మేరీల్యాండ్‌కి మారితే హ్యాండ్‌గన్‌ను 90 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి. హవాయిలో 5 రోజులే. ఇల్లినాయిలో తుపాకీ కంటే ముందు, దాన్ని ఉంచుకోవడానికి అర్హత ఉందని చూపే కార్డు మనిషికి కావాలి. న్యూయార్క్‌లో లైసెన్స్ చేతికి రాకుండా హ్యాండ్‌గన్ ఇంట్లో పెట్టుకోవడమే నేరం, వేరే రాష్ట్రం పర్మిట్ అక్కడ చెల్లదు. రాష్ట్రంలో ఇంకో చోట ఇచ్చిన లైసెన్స్ ఉన్నా న్యూయార్క్ నగరానికి విడిగా అనుమతి కావాలి. ఇవన్నీ గుర్తుపెట్టుకుని ఇల్లు మారేవాళ్లు ఎంతమంది ఉంటారు?

తెలియకపోవడం వల్ల ఎంత దూరం పోతుందో న్యూజెర్సీ చూపించింది. కొలరాడోలో చట్టప్రకారం తుపాకులు కొని, 2009లో న్యూజెర్సీకి ఇల్లు మారుతున్న ఒక యువకుడి కారు ట్రంక్‌లో అవి దొరికాయి. ఏడేళ్ల శిక్ష పడింది. 2010 డిసెంబరులో అప్పటి గవర్నర్ క్రిస్ క్రిస్టీ శిక్ష తగ్గిస్తే బయటికొచ్చాడు. 2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక తల్లిని న్యూజెర్సీలోనే రోడ్డు మీద పోలీసులు ఆపితే, తన దగ్గర తుపాకీ ఉందని తనే నిజాయతీగా చెప్పి అరెస్టయింది. 2015లో అదే గవర్నర్ క్షమాభిక్ష పెట్టాడు. ఇద్దరికీ గవర్నర్ దయ దొరికింది. అందరికీ దొరకదు కదా సార్.

మా వాళ్లకి ఇంకో భయం కూడా ఉంది, మీరు దాన్ని ప్రత్యేకంగా ఆలోచించాలి. గ్రీన్ కార్డు ఉన్న మనిషి తుపాకీ కొనుక్కోవచ్చు. కానీ తుపాకీ చట్టాన్ని మీరినట్టు కోర్టులో రుజువైతే, అది చిన్న కేసే అయినా, దేశం నుంచి పంపించేయడానికి ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టంలో వీలుంది. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లకైతే, వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అసలు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. ఇది తెలియని కుర్రాళ్లు నాకు తెలుసు. స్నేహితుడు ఊరెళ్తూ "నా పిస్తోలు నీ అపార్ట్‌మెంట్‌లో ఉంచుకో" అంటే సరే అనేంత అమాయకులు. బాబూ, ఈ లేఖ చదివే మీలో ఎవరైనా అలా ఉంటే, ఈ రోజే లాయర్‌తో మాట్లాడండి.

అటార్నీ జనరల్ గారూ, మీ చట్టం తప్పని నేను అనడం లేదు. రాష్ట్రంలోకి వచ్చిన తుపాకీ ఎవరి దగ్గర ఉందో ప్రభుత్వానికి తెలియాలనడం న్యాయమే. మనవరాలు తిరిగే ఇంట్లో ఉండేవాడిగా ఆ మాట మనస్ఫూర్తిగా అంటున్నాను. రిపోర్ట్ చేయడం కూడా కష్టం కాలేదు. ఒక ఫారం, 19 డాలర్ల ఫీజు, ఆన్‌లైన్‌లోనూ పంపొచ్చు. ఆ మర్నాడే పంపేశాను. కష్టమంతా అలాంటిది ఒకటుందని తెలియడంలోనే ఉంది.

దీనికి దారి మీ చట్టంలోనే ఉంది. పీనల్ కోడ్ 27560 సెక్షన్ గడువు పెట్టి ఊరుకోలేదు. ఈ నిబంధనకు బాగా ప్రచారం కల్పించాలని మీ శాఖకు బాధ్యత అప్పజెప్పింది. కొత్తగా వచ్చినవాళ్లు డ్రైవింగ్ లైసెన్స్‌కి దరఖాస్తు చేసేటప్పుడు, బండి రిజిస్టర్ చేయించేటప్పుడు ఈ సంగతి చెప్పి, ఖాళీ ఫారం చేతిలో పెట్టేలా మోటారు వాహనాల శాఖతో కలిసి పనిచేయమంది. ఎంత మంచి ఆలోచన! ఇక్కడికొచ్చిన ప్రతివాడూ 10 రోజుల్లో లైసెన్స్‌కి, 20 రోజుల్లో బండికి వెళ్లాల్సిందే. నేనూ వెళ్లాను. ఆ రోజు నా ధ్యాసంతా రాతపరీక్ష మీదే, తుపాకీ గురించి అడగాలని నాకే తట్టలేదు. అందుకే అడుగుతున్నాను: కాగితాల కట్టలో ఒక కాగితంగా కాక, 'మీతో తుపాకీ తెచ్చుకున్నారా?' అని దరఖాస్తులోనే ఒక ప్రశ్న ఉండేలా చూడండి. జవాబు రాయమని బలవంతం వద్దు, ప్రశ్న కంటపడితే చాలు. దాని కింద రెండు వాక్యాలు, తెలుగుతో సహా ఇక్కడి జనం ఇంట్లో మాట్లాడే భాషల్లో.

ఆ రెండు వాక్యాల్లో మొదటిది మ్యాగజైన్ గురించి, అంటే తూటాలు నింపి పిస్తోలులో పెట్టే డబ్బా గురించి, ఉండాలి. ఇది నా మనవి అన్నిటిలో ముఖ్యమైనది. తుపాకీకి 60 రోజులు ఇచ్చారు. కానీ 10 తూటాల కంటే ఎక్కువ పట్టే మ్యాగజైన్‌ను రాష్ట్రంలోకి తేవడానికి ఒక్క రోజు కూడా లేదు, సరిహద్దు దాటిన క్షణమే తప్పు. టెక్సాస్‌లో మామూలు పిస్తోలు కొంటే పెట్టెలో 15 తూటాలు, 17 తూటాలు పట్టే మ్యాగజైన్లు వస్తాయి. నాది రివాల్వర్ కాబట్టి బతికిపోయాను. పిస్తోలు ఉన్నవాడు గడువులోపే బుద్ధిగా రిపోర్ట్ చేసినా, ఆ పెట్టెలోని మ్యాగజైన్ వల్ల అప్పటికే తప్పు చేసినవాడవుతాడు. ఈ సంగతి వాడికి ఇక్కడికొచ్చాక మాత్రమే చెబితే సరిపోదు. సామాను సర్దుకునేటప్పుడే తెలియాలి. మిగతా రాష్ట్రాల అటార్నీ జనరళ్లతో మాట్లాడి, ఇల్లు మారేవాళ్లకి బయల్దేరే చోటే ఈ సంగతులు రాసిన కాగితం అందేలా ఒక ఏర్పాటు చేయగలరేమో చూడండి. టెక్సాస్ పర్మిట్ ఇక్కడ చెల్లదని, తుపాకీ వెంటబెట్టుకుని తిరగడానికి ఇక్కడి లైసెన్స్ విడిగా కావాలని కూడా అందులోనే రాయొచ్చు.

చివరిగా ఇంకొక్కటి. గడువు దాటాక తెలిసి, తనంతట తానే ముందుకొచ్చి రిపోర్ట్ చేసేవాణ్ణి దాచిపెట్టినవాడితో సమానంగా చూడకండి. భయపడితే ఆ మనిషి ఫారం పంపడు, తుపాకీ అల్మారాలోనే ఉండిపోతుంది, మీ రికార్డులోకి ఎప్పటికీ రాదు. అలాంటివాళ్ల విషయంలో మీ శాఖ ఏం చేస్తుందో బహిరంగంగా ఒక ప్రకటన ఇస్తే, నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురికి నేనే దగ్గరుండి ఫారం నింపిస్తాను.

మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
ఫ్రీమాంట్‌కి కొత్తగా వచ్చిన ఒక తెలుగు నివాసి