సముద్రపు లోహానికి నీళ్ల తొట్టి: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, సంక్రాంతి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే బాగా జరిగాయి. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒక్క పనికే ఇస్తున్నాం. మన చేతుల్లో పాడైపోయిన, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక విమానపు రేకు గురించి సభ్యులకు చెప్పుకోవాలి.

ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ దగ్గర చేపల వేటకు వెళ్లిన మనవాళ్ల వలలో పడింది అది. వరసగా రివిట్‌లు (రేకుల్ని బిగించే మొలలు), లోపలివైపు సన్నటి పట్టీలు. పాత సామాన్ల కొట్టుకు వేయకుండా బరంపురం దాకా మోసుకొచ్చి మనకిచ్చారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డ కబుర్లు ఇంట్లో వింటూ పెరిగిన పెద్దలు దాన్ని చేత్తో తడిమి చూశారు. మనం ఒకసారి కడిగి, తుడిచి, వరండాలో ఆరబెట్టాం. కొన్ని నెలలకు తెల్లటి పొడి లేచింది. తర్వాత పొరలుగా ఊడి, పట్టుకుంటే రాలిపోయింది. ఇచ్చినవాళ్లకు ఆ మాట చెప్పడం చాలా కష్టమైంది.

అందుకే ఈ ఏడాది నెలవారీ సమావేశాలన్నీ దీనిమీదే పెట్టుకున్నాం. ఆ కాలపు విమానాల రేకు ఒట్టి అల్యూమినియం కాదు, గట్టితనం కోసం కొంచెం రాగి కలిపిన డ్యూరాలుమిన్. సముద్రపు ఉప్పులోని క్లోరైడ్ దాని సన్నటి గుంటల్లో చేరుతుంది. పైకి తెచ్చి ఆరబెడితే గాలీ తేమా తగిలి లోపల్లోపలే తినేస్తుంది. మన వరండాలో జరిగింది అదే.

ఇలాంటి లోహాన్ని వేరేచోట ఎలా కాపాడారో సమావేశాల్లో చెప్పుకున్నాం. 1940 ఆగస్టు 26న ఇంగ్లండ్ తీరంలో కూలిన జర్మన్ బాంబర్ డోర్నియర్ 17, గుడ్విన్ శాండ్స్ దగ్గర సముద్రం అడుగున బోర్లా పడి ఉండిపోయింది. చట్రం కట్టి ఎత్తాలనుకున్నారు, గాలులు వదల్లేదు. చివరికి 2013 జూన్ 10న గట్టిగా ఉన్న భాగానికే తాళ్లు తగిలించి పైకి తీశారు. ఇంగ్లండ్‌లోని కాస్ఫర్డ్ మ్యూజియంలో ప్లాస్టిక్ గుడారాల్లో ఉంచి, ఉప్పు వదలడానికి నెలల తరబడి సిట్రిక్ యాసిడ్ నీళ్లు చల్లుతూనే ఉన్నారు. అంటే మన వంటింటి నిమ్మ ఉప్పే! ఈ మాట వినగానే వెనక వరసల్లోని ఆడవాళ్లు ముందుకొచ్చి కూర్చున్నారు. అయితే పులుపు ఘాటు తగ్గించడానికి అందులో కాస్టిక్ సోడా కూడా కలుపుతారు. అది ప్రయోగశాల పని, ఇంట్లో ఎవరూ చేయొద్దు. మంచినీటి సంగతి వేరు. స్కాట్లాండ్‌లోని నెస్ సరస్సు నుంచి 1985లో తీసిన వెల్లింగ్టన్ బాంబర్ తోక దీపాలు, బ్యాటరీ తగిలిస్తే వెలిగాయట.

పిల్లల్ని విశాఖ తీసుకెళ్లి కుర్సురా జలాంతర్గామినీ, టీయూ-142 విమానాన్నీ చూపించాం.

మన దేశంలో పురావస్తువుల చట్టం మామూలుగా వందేళ్లు దాటినవాటికే వర్తిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధపు రేకులకు ఇంకా ఆ వయసు రాలేదు. అప్పటిదాకా కాపాడాల్సింది అవి ఎవరికి దొరికితే వాళ్లూ, మనమూనే. మత్స్యకారుల పల్లెలో ఇల్లిల్లూ తిరిగి రెండు మాటలు చెప్పాం: దొరికింది ఆరనివ్వకండి, తడిగోనె చుట్టి తీసుకురండి. గుండులా, బాంబులా కనిపిస్తే తాకకుండా పోలీసులకు చెప్పండి.

ఆఫీసు వెనక పెద్ద ప్లాస్టిక్ తొట్టి పెట్టాం. పాత రేకులో మిగిలిన రివిట్‌ల పట్టీ అందులో మునిగి ఉంది. నీళ్లు మార్చే వంతు వారానికొక ఇంటిది. వంతుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది, మీ పేరు చూసుకోండి.