నిజాయితీ కొట్టు: క్లాస్ టీచర్లకు

అందరికీ నమస్కారం. నిజాయితీ కొట్టు అంటే అమ్మేవాళ్లు లేని కొట్టు: పిల్లలే వస్తువు తీసుకుని, దాని ధర డబ్బాలో వేస్తారు. 6 నుంచి 9 తరగతులకి సరుకు వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌గా తెచ్చుకోండి. పెన్సిళ్లు, రబ్బర్లు, 5 రూపాయల పెన్నులు చాలు. తినేవి వద్దు, పిల్లల కంటే ముందు చీమలొస్తాయి.

డబ్బాలో 50 రూపాయల చిల్లర ముందే వేసి ఉంచండి. మొదట్లో లెక్క తేడా వచ్చేది ఎక్కువగా చిల్లర దొరక్కే. శనివారం ఇద్దరు పిల్లలు లెక్కపెట్టి బోర్డు మీద రాయాలి, వారం వారం జత మారాలి. తగ్గితే మాత్రం ‘ఎవరు తీశారు?’ అని అడగొద్దు. అడిగారంటే అందరి చూపూ పేదింటి పిల్లాడి మీదకే పోతుంది. తగ్గింది ఎంతో చెప్పి, ఏం చేయాలో క్లాసునే తేల్చుకోనివ్వండి. మీరు పక్కనే కాపలా కూర్చుంటే అది మామూలు కొట్టే.

రాజ్యాంగం 51ఎ అధికరణంలోని 11 ప్రాథమిక విధుల చార్టు పైన తగిలిస్తే తగిలించండి, పిల్లలు చదివేది ధరల పట్టికే. కొత్త సరుకు డబ్బాలో డబ్బుతోనే కొనండి, జేబులోంచి వేయొద్దు.